టాలెంట్ కిట్టా, అవ్వ చెప్పే వంశం కథా?

అనంతపురంలో పిల్లోడు మొండికేస్తే "అంతా మేనమామ బుద్ధే" అని అవ్వ తేల్చేస్తుంది. ఇప్పుడు అవ్వకు పోటీగా, ఉమ్మి పంపితే చాలు, అందులోని డీఎన్ఏ చూసి పిల్లల టాలెంట్ చెబుతామనే కిట్లు వచ్చాయి.

ఇలాంటి ఒక్కో గుణం వెనక వేల జన్యు తేడాలుంటాయి, ఒక్కోదాని ప్రభావం రవ్వంతే. ఎవరు ఎంతవరకు చదువుతారన్న దానిపై 2022లో సుమారు 30 లక్షల మంది డీఎన్ఏతో ఒక అధ్యయనం వచ్చింది. ఆ జన్యు తేడాలన్నీ కలిపి లెక్కేసినా, మనుషుల చదువులో కనిపించే వ్యత్యాసంలో 12 నుంచి 16 శాతానికే కారణం చెప్పగలిగారు. అదీ యూరప్ మూలాలున్నవాళ్లలో! మన సీమ పిల్లల దగ్గర ఆ లెక్క ఇంకా తప్పుతుంది. అందుకే కిట్‌కు నేనైతే రూపాయి పెట్టను.

అవ్వ మాటకు ఖర్చు లేదు. అలాగని పూర్తిగా నమ్మలేం. ఆ మొండితనం జన్యువుల్లోంచి వచ్చిందో, మామ వెంట తిరిగి అబ్బిందో ఆమె విడదీయలేదు. దాన్ని విడదీయడానికే శాస్త్రవేత్తలు కవలలను పరిశీలించారు. ఆ అధ్యయనాలను 2015లో కలిపి చూస్తే, సగటున దాదాపు సగం తేడాలు వారసత్వానివే. ఇది జనం మొత్తం మీద వేసిన సగటు, మీవాడొక్కడి లెక్క కాదు.

ఒక్క జన్యువు లోపంతో వచ్చే కొన్ని జబ్బుల విషయం వేరు. మేనరికాలున్న ఇళ్లలో రెండు వైపుల నుంచీ ఒకే లోపపు జన్యువు బిడ్డకు చేరే అవకాశం ఎక్కువ. ఆహారంలోని ప్రోటీన్లలో ఉండే ఒక పదార్థాన్ని ఒంటికి సరిగా వాడుకోనివ్వని ఫినైల్‌కీటోనూరియా అనే పుట్టుక జబ్బు అలా వచ్చేదే. వదిలేస్తే బుద్ధి ఎదుగుదల, ప్రవర్తన దెబ్బతింటాయి. పుట్టిన కొద్దిరోజుల్లో మడమ రక్తపు చుక్కతో పట్టుకుంటే, ప్రత్యేక ఆహారంతో చాలావరకు ఆపొచ్చు. ఇక్కడ మాత్రం అవ్వకు గుర్తున్న వంశం వివరాలూ కావాలి, డాక్టరు రాసే టెస్టూ కావాలి.