అడవి పందులకు సోలార్ షాక్ మిషన్ కిట్: మిషన్ గట్టిదే, ఎర్త్ సామానే చాలదు

విజయవాడ, గుంటూరు ఎలక్ట్రికల్ దుకాణాల్లో పందుల మిషన్ కావాలంటే చూపించే 12 వోల్టుల కిట్ ఇది. డబ్బాలో షాక్ మిషన్ (చేను చుట్టూ కట్టిన తీగలోకి షాక్ పంపేది), 20 వాట్ల ప్యానెల్, 12 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, హూటర్ (మోత పెట్టేది), ప్లాస్టిక్ ఇన్సులేటర్లు, మూడడుగుల ఎర్త్ రాడ్డు ఒకటి, పసుపు హెచ్చరిక బోర్డులు రెండు ఉంటాయి. కొండపల్లి అడవి అంచునో, కొండవీడు కొండల కిందో మొక్కజొన్న వేసేవాళ్లకు ఇది తప్పకుండా పనికొస్తుంది. అయితే డబ్బాలో ఉన్నది ఉన్నట్టు బిగిస్తే వారం తిరక్కుండానే పందులు లోపలికి వస్తాయి.

తుపాకీ పట్టుకుని రాత్రి కాపలా కాస్తే పోదా అనేవాళ్లు ఇంకా ఉన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ ప్రకారం వేట నేరం. పంట పాడు చేసే జంతువును కాల్చాలన్నా 11వ సెక్షన్ కింద అటవీ అధికారుల రాతపూర్వక ఆదేశం ఉండాలి. లైసెన్సు తుపాకీ ఉన్నంత మాత్రాన ఆ హక్కు రాదు. పైగా మొక్కజొన్న చేలో చీకట్లో కదిలేది పందో, నీళ్లు కట్టడానికి వచ్చిన మనిషో తెలియదు. మోటారు కరెంటును నేరుగా తీగకు తగిలించడం అంతకన్నా ఘోరం. 230 వోల్టుల కరెంటు ఆగకుండా పారుతుంది, కండరాలు బిగుసుకుపోయి పట్టు వదలదు. షాక్ మిషన్ సెకనుకో, సెకనున్నరకో ఒక్కసారి, సెకనులో వందో వంతుకన్నా చాలా తక్కువ సేపు మాత్రమే కొడుతుంది. మధ్యలో వదిలించుకునే వ్యవధి ఉంటుంది. ప్రాణం నిలిచేది ఆ వ్యవధిలోనే.

మిషన్ విషయంలో ఫిర్యాదు లేదు. దుకాణంలో చెప్పే పది కిలోమీటర్ల రేంజ్ మాటను మాత్రం పట్టించుకోవద్దు. అది గడ్డి పోచ కూడా తగలని ఒంటి తీగ లెక్క. ఎన్ని జౌళ్లు (ఒక్కో షాక్‌లో ఉండే శక్తి కొలత), కంచె షాక్ మిషన్ల భద్రతకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60335-2-76 రాసి ఉందా అని అడగండి. ఆ ప్రమాణంలో 500 ఓముల నిరోధం పెట్టి కొలిచినప్పుడు 5 జౌళ్లు గరిష్ఠం. రెండెకరాలకు ఒకటి రెండు జౌళ్ల మిషన్ సరిపోతుంది.

తీగ ఎత్తులో పొరపాటు జరిగితే ఎంత ఖరీదైన మిషనైనా వృథా. పంది చర్మం మందం, పైన బిరుసు వెంట్రుకలు. వీపుకు తీగ తగిలితే దానికి పెద్దగా తెలియదు. తెలిసేది తడి ముట్టెకే. అందుకే మొదటి తీగ నేలకు 8 అంగుళాల్లో, రెండోది 18, మూడోది 30 అంగుళాల్లో ఉండాలి. చాలామంది గడ్డి తగులుతుందని కింది తీగను అడుగు పైకి లేపుతారు. అప్పుడు పంది పిల్లలు కింద నుంచి దూరతాయి, పెద్దది తల దూర్చాక షాక్ తగిలితే వెనక్కి పోకుండా ముందుకే ఉరుకుతుంది. చదరంగా ఉన్న రెండెకరాల చేనుకు చుట్టుకొలత 360 మీటర్లు. మూడు వరసలకు 1,080 మీటర్ల తీగ కావాలి. 14 గేజి జీఐ (జింకు పూత ఇనుప) తీగ కిలోకు 39 మీటర్ల దాకా వస్తుంది కాబట్టి ముడులతో కలిపి 29 కిలోలు తీసుకోండి. పదిహేనడుగులకో కర్ర చొప్పున 80 కర్రలు, 240 ఇన్సులేటర్లు, మూలలకు విడిగా గట్టి ఇన్సులేటర్లు కావాలి. కిట్‌లో ఇచ్చేవి ఇందులో సగం కూడా రావు. వాటికి బదులు పీవీసీ పైపు ముక్కలు తొడిగితే ఎండకు పగిలి, మొదటి వానకే సరుగుడు కర్ర గుండా కరెంటు భూమిలోకి పోతుంది.

ఎర్త్ దగ్గరే కిట్ పూర్తిగా విఫలమైంది. షాక్ కొట్టాలంటే కరెంటు పంది కాళ్ల గుండా భూమిలోకి దిగి, ఎర్త్ రాడ్డు ద్వారా మిషన్‌కు తిరిగి చేరాలి. మూడడుగుల రాడ్డు ఒక్కటి ఆ పని చేయలేదు. ఆరడుగుల జీఐ రాడ్లు మూడు, ఒకదానికొకటి పదడుగుల దూరంలో, వీలైతే బోదె పక్కన తడి నిలిచే చోట దించి, ఒకే జీఐ తీగతో క్లాంపులు వేసి కలపాలి. రాగి తీగ వాడితే కలిసిన చోట తుప్పు పడుతుంది. బోరు మోటారు ఎర్త్‌కు, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్‌కు కనీసం పది మీటర్లు ఎడం పాటించండి. గుంటూరు నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు ఎంత మంచిదో, ఏప్రిల్‌లో నెర్రెలిచ్చాక అంత చెడ్డది. రాడ్డు చుట్టూ మట్టి విడిపోయి కరెంటు తిరిగిరాదు. అప్పుడు అక్కడ రెండు బిందెల నీళ్లు పోయాలి. కొండ వాలు గరప నేలల్లో నడిమి తీగను కూడా ఎర్త్‌కే కలిపేయండి. కింది తీగనూ నడిమి తీగనూ కలిపి తాకిన పందికి అప్పుడు నేల తడితో పని లేదు.

ఎర్త్ చాలిందో లేదో ఇలా తేలుతుంది. మిషన్‌కు వంద మీటర్ల అవతల ఇనుప కడ్డీలు నేలలో గుచ్చి, మిషన్ ఆపి వాటిని తీగకు ఆనించి మళ్లీ వేయండి. తీగ వోల్టేజి 2,000 కంటే దిగాక ఎర్త్ రాడ్డు దగ్గర 300 వోల్టులు దాటి చూపిస్తే ఇంకో రాడ్డు దించాలి. దీనికి ఫెన్స్ టెస్టర్ (కంచె తీగ వోల్టేజి కొలిచే మీటరు) తప్పనిసరి, మామూలు మల్టీమీటర్ పెడితే కాలిపోవచ్చు. కిట్‌లో టెస్టర్ ఇవ్వకపోవడం పెద్ద లోటు.

మామూలు రోజుల్లో చివరి మూల దగ్గర 4,000 వోల్టులకు తగ్గకూడదు. తగ్గితే ముందు గరికను, తుంగను అనుమానించండి. రాత్రి లైటు ఆర్పేసి గట్టు వెంట నడిస్తే ఎక్కడ లీకవుతుందో టక్ టక్ మనే చప్పుడు, నీలి మెరుపు చెబుతాయి.

బ్యాటరీ ఫర్వాలేదు. మిషన్ 200 మిల్లీ ఆంపియర్లు లాగితే పన్నెండు గంటలకు 2.4 ఆంపియర్ అవర్లు. ముసురు పట్టినా మూడు రాత్రులు నెట్టుకొస్తుంది.

ముళ్ల తీగకు మాత్రం ఈ మిషన్ తగిలించొద్దు. చిక్కుకున్న మనిషి గానీ గేదె గానీ బయటపడలేరు. ఒకే తీగకు రెండు మిషన్లు కూడా వద్దు. డొంక వైపున్న గట్టుకు బోర్డులు రెండు చాలవు, ఇంకో నాలుగు రాయించుకోండి. ఉరుములు మొదలైతే తీగను మిషన్ నుంచి విడదీయండి.

కొనేటప్పుడు పూర్తి కిట్ అడక్కండి. మిషన్, ప్యానెల్, బ్యాటరీ మాత్రం బిల్లు, వారంటీ కార్డుతో తీసుకుని, రాడ్లు, తీగ, ఇన్సులేటర్లు, టెస్టర్ విడిగా ఏరుకోండి. మిషన్ రిపేరు అక్కడే చేస్తారా, కంపెనీకి పంపుతారా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి. కంకి పాలు పట్టే దశలో మిషన్ వారం రోజులు దుకాణంలో కూర్చుంటే పంట మిగలదు.