క్వౌత్లే అంటే గద్దా, చెట్టా? నహువత్ల్ ఇంటిపేరు వెతికే సాధనాలపై సమీక్ష

మెక్సికోలోని ప్వెబ్లా రాష్ట్రంలో, చోలూలా చుట్టుపక్కల, క్వౌత్లే అనే ఇంటిపేరు తరచూ వినపడుతుంది. అది ఆజ్టెక్‌లు మాట్లాడిన నహువత్ల్ భాషలోని మాట. దాని అర్థం నెట్‌లో అడిగితే ఒక పేజీ గద్ద అంటుంది, ఇంకోటి చెట్టు అంటుంది, మూడోది ‘గద్దల అడవి’ అని రెండూ కలిపి వడ్డిస్తుంది. ఈ పేజీల్లో చాలావాటి అడుగున ‘మీ వంశచిహ్నం ఫ్రేము కట్టించి పంపుతాం’ అనే బటన్ కూడా ఉంటుంది. ఆ బటన్ జోలికి వెళ్లేముందు చూడాల్సినది మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం, అంటే యునామ్, నెట్‌లో పెట్టిన ‘గ్రాన్ డిక్సియోనారియో నావాత్ల్’. డబ్బు కట్టనక్కర్లేదు.

పేరుకు నిఘంటువే గానీ, నిజానికి ఇది పాత నిఘంటువులన్నీ పోసిన గంప. ఫ్రాన్సిస్కన్ సన్యాసి అలోన్సో దె మోలినా 1571లో అచ్చు వేయించిన నిఘంటువు మొదలుకొని తర్వాతివారి పదకోశాల దాకా ఒకే పెట్టెలో వెతకవచ్చు. ప్రతి ఫలితంలోనూ పాత రాత, సరిచేసిన రాత, స్పానిష్ అర్థం, అది ఏ నిఘంటువులోది అన్నవి విడివిడిగా కనిపిస్తాయి. ఇంటిపేరు వెతికేవాళ్లకు ముఖ్యమైనది రెండోది. మోలినా కాలంలో ఈ ఇంటిపేరుకు మూలమైన క్వౌత్లి అనే మాటను ‘క్యూ’ అక్షరంతో మొదలుపెట్టేవారు, నేటి ఇంటిపేరు మాత్రం ‘సి’తో మొదలవుతుంది. నేటి రూపాన్ని పాత రాతలో వెతికితే ఏమీ దొరక్క, పదమే లేదనుకుని వెనక్కి వచ్చేస్తారు. సరిచేసిన రాతలో వెతకాలి. అందులో ‘సి యు ఎ యు’ తర్వాత ‘హెచ్’ ఒకటి ఉంటుంది. ఇంటిపేరులో అది రాలిపోయింది. దాన్ని తిరిగి చేర్చాలి.

తర్వాత చూడాల్సింది తోక. నహువత్ల్ నామవాచకాలు ఎక్కువగా త్ల్, త్లి, ఇన్ అనే ప్రత్యయాలతో ముగుస్తాయి. స్పానిష్ నోటికి అవి పట్టలేదు. తోమత్ల్ వాళ్ల దగ్గర తోమాతే అయింది, అదే చివరికి మన వంటింట్లో టమాటా అయింది. క్వౌత్లి చివరి ‘ఇ’ గుమాస్తా కలంలో ‘ఎ’గా మారడమూ ఆ బాపతే. కాబట్టి ‘ఎ’ తీసి ‘ఇ’ పెట్టి వెతికితే గద్ద తగులుతుంది.

మరి చెట్టు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇక్కడే అర్థాలు చెప్పే పేజీలు బోల్తా పడతాయి. చెట్టుకు నహువత్ల్ మాట క్వావిత్ల్. ఒంటరిగా ఉన్నప్పుడు గద్ద క్వౌత్లి, చెట్టు క్వావిత్ల్. వేరే మాటతో సమాసం కడితే మాత్రం రెండూ ‘క్వౌ’గా కుంచించుకుపోతాయి. గద్దలో ‘ఆ’ దీర్ఘం, చెట్టులో హ్రస్వం; కానీ ఇంటిపేర్ల రాతలో ఆ తేడా చూపరు. కాబట్టి ‘క్వౌ’ ఒక్కటే పట్టుకుని అర్థం చెప్పేవాళ్లు బొమ్మా బొరుసూ వేస్తున్నట్టే. తేల్చేది పక్కనున్న మాట. క్వౌతెమోక్ అనే ఆజ్టెక్ రాజు పేరులో ‘తెమో’ అంటే కిందికి దిగడం, కనుక అది దిగివచ్చిన గద్ద. క్వౌనావాక్‌లో ‘నావాక్’ అంటే దగ్గర, అది చెట్ల దగ్గరి ఊరు. (స్పానిష్ వాళ్ల చెవికి అది క్వెర్నావాకాగా, అంటే ‘ఆవు కొమ్ము’గా వినిపించింది. ఊరికి అదే స్థిరపడింది.) క్వౌత్లా అంటే మోలినా నిఘంటువులో అడవి, క్వౌత్లే అంటే గద్ద. చివరి అచ్చు ఒక్కటి మారితే పక్షి పోయి అడవి వస్తుంది. ‘గద్దల అడవి’ పుట్టుక ఈ రెంటినీ కలిపేయడమే.

అన్ని పేర్లూ ఇంత తేలిగ్గా లొంగవు. ఆజ్టెక్ చక్రవర్తి పేరు మొక్తెసూమా అని మొత్తం కొడితే వ్యక్తి పేరుగా తప్ప అర్థం బయటపడదు, ఎందుకంటే అది పదం కాదు, వాక్యం. ముందున్న ‘మో’ కర్త తనకు తానే చేసుకునే పనిని చూపే ఉపసర్గ, ‘తెకు’ ప్రభువు, ‘సోమా’ కోపంతో మొహం ముడుచుకోవడం. ప్రభువులా కనుబొమలు ముడిచేవాడని అర్థం. ముక్కలు చేసి ఒక్కొక్కటీ విడిగా వెతకాలి. మొరెలోస్, ప్వెబ్లా ప్రాంతాల్లోని పొపోకా ఇంకా చిత్రం, దానికి తోకే లేదు. అది క్రియ: ‘పొగ చిమ్ముతోంది’. పొపోకాతెపెత్ల్ అగ్నిపర్వతం పేరులో ఉన్నది అదే మాట. త్లస్కాలా వైపు ‘త్సి’తో ముగిసే ఇంటిపేర్లు ఎక్కువ, అది ‘త్సిన్’ అనే గౌరవ ప్రత్యయం, మన ‘గారు’ లాంటిది. వెతికేముందు దాన్ని కోసేయాలి, లేకపోతే ఫలితం సున్నా. ‘తెకత్ల్’ చివర ఉంటే ఫలానా ఊరివాడని లెక్క.

ఈ సాధనానికి లోటు రెండు చోట్ల. పేజీలన్నీ స్పానిష్‌లో, పాత అర్థాలు పదహారో శతాబ్దపు స్పానిష్‌లో ఉంటాయి. అనువాద యంత్రం వాటిని అప్పుడప్పుడు ఖూనీ చేస్తుంది. రెండోది, నిఘంటువు మాటకు అర్థం చెబుతుంది, ఆ మాట ఆ ఇంటికి ఎందుకు వచ్చిందో చెప్పదు. స్పెయిన్ రాకముందు నహువత్ల్ మాట్లాడే నహువాల్లో తరతరాలకు దిగే ఇంటిపేర్లు లేవు, మనిషికో పేరు ఉండేది. గద్ద వాళ్ల 260 రోజుల పంచాంగంలోని ఇరవై దినచిహ్నాల్లో ఒకటి కూడా, కనుక ఆ పేరు పుట్టినరోజును బట్టి వచ్చినదీ కావచ్చు. బాప్తిస్మంలో క్రైస్తవ పేరు ముందు చేరి, పాత పేరు వెనక నిలిచింది. కొన్ని ప్రాంతాల్లో అదే ఇంటిపేరుగా గట్టిపడింది.

ఆ చరిత్రకు ఫ్యామిలీసెర్చ్ అనే వంశావళి సైటు మేలు. ఖాతా ఉచితం, మెక్సికో చర్చి రిజిస్టర్ల చిత్రాలు విస్తారంగా ఉన్నాయి. పేరు పెట్టెలో మొదటి అక్షరం బదులు ప్రశ్నార్థకం, చివర నక్షత్రం గుర్తు పెట్టాలి. అప్పుడు ‘సి’తో, ‘క్యూ’తో, ‘జి’తో రాసిన రూపాలన్నీ ఒకేసారి వస్తాయి. సూచికలో పేరు తప్పుగా ఎక్కడం మామూలే, అసలు చిత్రం తెరవకుండా నమ్మకూడదు. 1822కు ముందు చాలా పారిష్‌లలో, అంటే చర్చి పరిధుల్లో, ఇండియన్లకు (అక్కడి మూలవాసులకు) వేరే పుస్తకం ఉండేది, వెతుకులాట అక్కడ మొదలుపెట్టాలి. ప్రభుత్వ పౌర రిజిస్టర్ చట్టం 1859లో వచ్చింది. ఆ తర్వాతి కాలానికి రెండు రకాల రికార్డులూ పోల్చి చూడవచ్చు.

‘ప్రపంచంలో ఈ ఇంటిపేరు ఇంతమందికి’ అని అంకె చూపే సైట్లకు మార్కులు తక్కువే. మెక్సికోలో ప్రతి మనిషికీ తండ్రి వైపుదొకటి, తల్లి వైపుదొకటి రెండు ఇంటిపేర్లు. ఒక్కటే లెక్కించారా, రెండూనా అన్నదాన్ని బట్టి అంకె తారుమారవుతుంది. రాతభేదాలు విడివిడి పేర్లుగా పడితే ఒకే వంశం మూడు ముక్కలవుతుంది. అమెరికా జనగణన శాఖ కనీసం 100 మందికి ఉన్న ఇంటిపేర్ల జాబితా వేస్తుంది. 2010 జాబితాలో 1,62,253 ఉన్నాయి. అక్కడి సంఖ్యకు కనీసం ఆధారం ఉంది, కానీ అది అమెరికా సంఖ్య, మెక్సికోది కాదు.

యునామ్ నిఘంటువుకు అయిదుకు నాలుగున్నర, ఫ్యామిలీసెర్చ్‌కు నాలుగు, అంకెల సైట్లకు ఒకటిన్నర. ఫ్రేము కట్టిన వంశచిహ్నానికి సున్నా. స్పెయిన్ రాజు ఇలాంటి చిహ్నం మంజూరు చేసేది ఫలానా వ్యక్తికో, ఊరికో. త్లస్కాలా నగరానికి 1535లో అలాగే ఇచ్చాడు. ఇంటిపేరు కలిసిన వాళ్లందరికీ చిహ్నం ఉంటుందన్నది అమ్మేవాళ్ల మాట. గోడకు ఏదో ఒకటి తగిలించాలనే ఉంటే మోలినా 1571 నిఘంటువులో క్వౌత్లి ఉన్న పేజీ స్కాన్ వెతికి మంచి కాగితం మీద ప్రింటు తీయించుకోవచ్చు. నాలుగున్నర శతాబ్దాల నాటి పుస్తకం, కాపీరైటు పేచీ లేదు.