డీజిల్ పికప్‌కి వాటర్ సెపరేటర్: కోనసీమలో ఏళ్ల తరబడి వాడాక

మన డెల్టాలో డీజిల్ పికప్ మీద బతికేవాళ్లు కళ్లు మూసుకుని పెట్టదగ్గ ఖర్చు ఒకటుంది. అది ట్యాంకుకీ ఇంజిన్ ఫిల్టరుకీ మధ్య అదనంగా బిగించే వాటర్ సెపరేటర్, అంటే డీజిల్లో కలిసిన నీళ్లని విడదీసి పట్టేది. లోపల ఏముందో కనిపించే ప్లాస్టిక్ గిన్నె, దాని అడుగున నీళ్లు వదలడానికి చిన్న కుళాయి, పైన మార్చుకునే ఫిల్టరు, లైన్లోకి డీజిల్ ఎక్కించడానికి చేత్తో నొక్కే ప్రైమర్ పంపు, అంతే దాని సరంజామా. లారీలకూ పడవ ఇంజిన్లకూ ఇవి ఎప్పట్నుంచో ఉన్నాయి. నేను 2022 గోదావరి వరదలకు ముందు వేసవిలో వేయించాను. ఇప్పటికీ అదే నడుస్తోంది.

నాది బీఎస్-4 (ఇప్పటి బీఎస్-6కి ముందటి కాలుష్య ప్రమాణం) కామన్ రైల్ బండి. అంటే పంపు గట్టి ఒత్తిడితో ఒకే గొట్టంలో నింపిన డీజిల్ని ఇంజెక్టర్లు (సిలిండర్లోకి చిమ్మే నాజిళ్లు) తీసుకునే రకం. అంబాజీపేట నుంచి కొబ్బరికాయలు, చెరువుల్లో రొయ్యలు పట్టే రోజుల్లో మలికిపురం వైపు నుంచి భీమవరానికి రొయ్యలు వేస్తాను. ట్యాంకులో మోటారు లేదు. ఇంజిన్ దగ్గరున్న పంపే డీజిల్‌ని అంత దూరం నుంచి లాక్కోవాలి. రొయ్య లోడుతో అర్ధరాత్రి బండి ఆగితే ఎంత టెన్షనో పడ్డవాళ్లకే తెలుసు. ఐసు కరిగిపోతూ ఉంటుంది, అటు నుంచి రైతు ఫోను, ఇటు నుంచి కంపెనీ ఫోను.

ట్యాంకులోకి నీళ్లు ఎలా వచ్చాయంటే అందరూ ముందు బంకునే అనుమానిస్తారు. బంకు ఒక కారణం కావచ్చు, కానీ మన గాలే పెద్ద కారణం. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో మిగతా సగం తేమ గాలే. రాత్రి ట్యాంకు చల్లబడితే ఆ తేమ లోపలి గోడలకు పట్టి కిందికి జారుతుంది. డీజిల్ కన్నా నీళ్లు బరువు కాబట్టి అడుక్కి చేరతాయి. డీజిల్ లాక్కునే గొట్టం ఉండేదీ ఆ అడుగునే. అందుకే సాయంత్రం బండి పెట్టేసే ముందే ట్యాంకు నింపుకోవడం మంచిది.

రెండో దారి పీపాలు. చెరువు గట్ల మీద నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ల జనరేటర్లకని డీజిల్ పీపాల్లో నిలవ ఉంచుతారు. పీపా నిలువుగా బయట ఉంటే పైన వాన నీళ్లు నిలుస్తాయి. పగలు ఎండకు వేడెక్కి, రాత్రి చల్లబడ్డప్పుడు ఆ పీపా మూత మరల సందులోంచి ఆ నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. మూత బిగించే ఉందిగా అనుకుంటాం. పీపాని పక్కకి పడుకోబెట్టి, పైన పట్టా కప్పి ఉంచే రైతు దగ్గర తప్ప నేను గట్టు మీద డీజిల్ పోయించుకోను. రోడ్డు పక్కన చవగ్గా అమ్మే బయోడీజిల్ జోలికీ వెళ్లకండి. అది మామూలు డీజిల్ కన్నా ఎక్కువ తేమ పీల్చుకుంటుంది. పైగా ట్యాంకులో పాత మడ్డినంతా వదిలించి తెచ్చి ఫిల్టర్లో కూర్చోబెడుతుంది.

ఈ నీళ్లతో ఎందుకంత భయమంటే, కామన్ రైల్ బండిలో డీజిల్ మండటానికే కాదు, ప్రెషర్ పంపుకీ ఇంజెక్టర్లకీ నూనెగా కూడా పనికొస్తుంది. ఆ పంపు వెయ్యి బార్ (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు వెయ్యి రెట్లు) పైన, చాలా బళ్లలో 1600 బార్ దాకా ఒత్తిడి పుట్టిస్తుంది. లోపల ముక్కకీ ముక్కకీ మధ్య సందు మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో) ఉంటుంది. అక్కడికి నీటి చుక్క చేరితే నూనె పొర తెగుతుంది, గీతలు పడతాయి, తుప్పు పడుతుంది. నీళ్లూ డీజిలూ కలిసేచోట సూక్ష్మజీవులు కూడా పెరుగుతాయి. నిలవ డీజిల్ అడుగున కనిపించే నల్లటి జిగురు చాలాసార్లు అదే.

గిన్నెని పొద్దున్నే, బండి తీయకముందే చూడాలి. రాత్రంతా కదలకుండా ఉంటే నీళ్లు బాగా దిగుతాయి. వెనక నుంచి టార్చి పెడితే పసుప్పచ్చటి డీజిల్ కింద రంగులేని పొర, రెంటికీ మధ్య సన్నటి గీత కనిపిస్తాయి. కింద గ్లాసు పెట్టి కుళాయి తిప్పాలి. ట్యాంకులో డీజిల్ తక్కువగా ఉంటే ఏమీ దిగదు, పైన ఎయిర్ స్క్రూ కొంచెం వదులు చేయాలి. ముందు నీళ్లు వస్తాయి, వాటితోపాటు తుప్పు నలుసులు. తర్వాత ఆ నీళ్ల మీద డీజిల్ చుక్కలు చుక్కలుగా తేలుతుంది. ధార మొత్తం పసుపు రంగుకి తిరగ్గానే కట్టేయాలి. స్క్రూ బిగించి, ప్రైమర్ గట్టిపడేదాకా నొక్కితే పనైపోయినట్టే. 2022 జూలైలో వరద వచ్చినప్పుడు మా వైపు లంకలన్నీ నీళ్లలో ఉన్నాయి. ఆ తర్వాత చాలా రోజులు గిన్నెలో ఎప్పటికన్నా మందంగా నీళ్లు చేరేవి. ఆ నీళ్లన్నీ అంతకుముందులాగా ఇంజిన్ ఫిల్టరు దాకా వెళ్లి ఉంటే ఏమయ్యేదో అనిపిస్తుంది.

నీళ్ల కోసం కొన్నా, దీని అసలు విలువ గాలి విషయంలో తెలిసింది. పంపు లాక్కునే వైపు లీకుంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. బండి కింద ఒక్క చుక్క తడి ఉండదు. రాత్రి ఇంజిన్ ఆపాక ఆ సందులోంచి గాలి చేరి, గొట్టంలోని డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున్న సెల్ఫు చాలాసేపు కొట్టాలి. స్టార్టయినా కాసేపు ఊగిసలాడి సర్దుకుంటుంది. ఇక రోజంతా మామూలే. మా బండికి సరిగ్గా ఇదే వచ్చింది. ఒక షెడ్డులో ఏమీ విప్పకుండానే నాలుగు ఇంజెక్టర్లూ దింపాలన్నారు. రావులపాలెంలో మరో మెకానిక్ గారు బానెట్ కూడా ఎత్తలేదు. నేరుగా బండి కిందికి దూరి గిన్నె చూశారు. "నాజిళ్ల జోలికి అప్పుడే ఎందుకండి, ట్యాంకు కాణ్ణించి చూసుకుంటా వద్దాం" అన్నారు.

ఇంజిన్ నడుస్తుండగా గిన్నెలో బుడగలు వస్తుంటే లీకు ట్యాంకుకీ గిన్నెకీ మధ్యే ఉన్నట్టు. గిన్నెలో బుడగ లేకుండా ఇంజిన్ ఇలాగే ఏడిపిస్తుంటే గిన్నె దాటాక వెతకాలి. మాకు గిన్నె నిలకడగా ఉంది. అందుకని ఆయన ఫిల్టరుకీ పంపుకీ మధ్య జానెడు పారదర్శకమైన డీజిల్ పైపు వేశారు. అందులో ఆవగింజలంత బుడగలు వరసగా వెళ్తున్నాయి. వెనక్కి వెతుక్కుంటూ వస్తే, ఫిల్టరు మూతికి బిగించిన రబ్బరు పైపు దొరికింది. స్క్రూ క్లిప్పు అంచు రబ్బర్లో దిగి కోసేసింది. క్లిప్పు తీసి, పైపుని వేలితో వంచితే గానీ ఆ చీలిక నోరు తెరవలేదు. కొత్త పైపు ముక్క, ఫ్యూయల్ లైన్లకి వాడే గుండ్రటి అంచు క్లిప్పు, ఇవే మా ఖర్చు.

గాలి కోసం వెతికేటప్పుడు ఇంకో మంచి పరీక్ష ఉంది. శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, పంపుకి దాన్నుంచే పొట్టి పైపు ఇచ్చి బండి నడిపి చూడటం. దాంతో బాగా నడిస్తే తప్పు ట్యాంకులోనో లైన్లోనో ఉన్నట్టే. సెల్ఫు కొట్టేటప్పుడు సైలెన్సర్ కూడా చూడండి. తెల్లటి పొగ వస్తోందంటే డీజిల్ సిలిండర్ దాకా చేరుతోంది. పొగ ఆనవాలే లేకపోతే డీజిల్ అందడం లేదు.

ఫిల్టరు మూసుకుపోవడం మన ఊళ్లలో ఆలస్యంగా బయటపడుతుంది, ఎందుకంటే డెల్టా అంతా బల్లపరుపు. మనకు ఎత్తంటే వంతెనలే. ఖాళీ బండితో కాలవ గట్టు వెంట హాయిగా పోతుంది. లోడుతో చించినాడ వంతెనో సిద్ధాంతం వంతెనో ఎక్కేటప్పుడు మాత్రం లాగదు, యాక్సిలరేటర్ తొక్కినా గొంతు పెగలదు. అలాంటప్పుడు ముందు ట్యాంకు మూత తెరిచి చూడండి. బుస్సుమని గాలి గట్టిగా లోపలికి పోయి, ఆ తర్వాత కాసేపు బండి బాగా లాగితే, ట్యాంకుకి గాలి వెళ్లే రంధ్రం బురదతో మూసుకుపోయినట్టు. మూత తెరిచినా తేడా లేకపోతే ఫిల్టరు మార్చాలి.

దీనిలో నచ్చనివీ ఉన్నాయి. కొత్తగా బిగించిన ప్రతి అతుకూ గాలి దూరడానికి ఇంకో చోటే. అందుకే రాగి వాషర్లు పాతవి మళ్లీ వేయనివ్వను. సముద్రం పక్క గాలికి కుళాయి మర తుప్పు పడుతుంది, గిన్నె ప్లాస్టిక్ ఎండకి మసకబారుతుంది. సైలెన్సర్ పక్కన అసలు బిగించకూడదు. మైక్రాన్ విషయం, అంటే ఫిల్టరు ఎంత సన్నటి నలుసుని ఆపుతుందన్నది, చాలామంది పట్టించుకోరు. ముందు వేసే ఈ ఫిల్టరు 30 మైక్రాన్ల వరసలో ఉంటే చాలు, సన్నటి వడపోత ఇంజిన్ మీది ఫిల్టరు చూసుకుంటుంది. ఇక్కడ కూడా సన్నటిది పెడితే పంపు లాక్కోలేక అదే కొత్త జబ్బవుతుంది.

కిరోసిన్ కల్తీని ఇది ఆపలేదు. అరిగిన ఇంజెక్టరునీ, పాడైన రైల్ సెన్సర్నీ (గొట్టంలో ఒత్తిడి కొలిచేది) బాగుచేయలేదు. ఇంజెక్టర్ల మీద అనుమానం ఉంటే మిగిలిన డీజిల్ వెనక్కి వెళ్లే రిటర్న్ పైపులకి సీసాలు కట్టి ఏది ఎక్కువ వదులుతోందో చూడమని మెకానిక్‌ని అడగండి. పాత బళ్లలోలా ఇంజెక్టరు పైపు నట్టు వదులు చేసి ఎయిర్ తీయడం మాత్రం కామన్ రైల్లో ఇంజిన్ నడుస్తుండగా ఎవరూ చేయొద్దు, ఎవరినీ చేయనివ్వొద్దు. ఆ ఒత్తిడికి వచ్చే డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన గాయం అది.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండి వారంటీలో ఉంటే, బిగించే ముందు సర్వీస్ సెంటర్లో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. వాటిలో చాలావాటికి ఫిల్టర్లోనే నీళ్ల సెన్సరు ఉంటుంది. డ్యాష్‌బోర్డులో ఆ లైటు వెలిగితే ట్రిప్పు అయ్యాక చూద్దాం అనుకోకుండా అక్కడే ఆపి నీళ్లు తీయాలి. పాత బండైతే, సెపరేటర్ కొనేముందు దాని ఫిల్టరూ, గిన్నె కింది రబ్బరు రింగూ మీ ఊరి దగ్గర షాపులో విడిగా దొరుకుతాయో లేదో కనుక్కోండి. దొరికితే ఒక జత అప్పుడే కొని సీటు కింద పెట్టుకోండి.