మా బడి సిబ్బంది ధ్యానం: వేళాంగణి, గుణదల, పొలాల నడుమ ఒక ఇల్లు

గుంటూరు జిల్లాలో కన్యాస్త్రీలు నడిపే ఒక ఉన్నత పాఠశాలలో ఇరవై రెండేళ్లుగా తెలుగు చెబుతున్నాను. ఏటా సిబ్బందికి రెండు మూడు రోజుల ధ్యానం (రిట్రీట్) ఉంటుంది, అంటే బడి పనులు వదిలి ప్రార్థన, ప్రసంగాలు, మౌనంతో గడపడం. గత మూడేళ్లు ఆ ఏర్పాట్లు సిస్టర్ గారు నాకు అప్పగించారు. బస్సు మాట్లాడటం నుంచి మంచినీళ్ల వరకు అన్నీ నేనే చూసుకున్నాను కాబట్టి, మాలాంటి పాఠశాలలకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. మేం మొత్తం 38 మందిమి. కతోలికులు 13 మందే. తక్కినవారిలో హిందువులు ఎక్కువ, నలుగురు ముస్లింలు, కొందరు ఇతర క్రైస్తవ సంఘాలవారు. చోటు ఎంచుకునేటప్పుడు ముందుగా ఆలోచించాల్సింది ఈ లెక్కనే. నాకు అది మూడో ఏడు గానీ అర్థం కాలేదు.

మొదటి ఏడు జూన్‌లో, బడి తెరిచే ముందు తమిళనాడులోని మరియమాత పుణ్యక్షేత్రం వేళాంగణి వెళ్లాం. అందరి కోరికా అదే. నాగపట్నానికి 10 కిలోమీటర్ల దూరంలో, సముద్రపు ఒడ్డున ఉన్న ఆ తెల్లని దేవాలయాన్ని చూడగానే చేతులు వాటంతట అవే జోడించుకుంటాయి. 1962లో ఇరవైమూడవ జాన్ పోపు గారు దానికి బసిలికా హోదా, అంటే ప్రత్యేక దేవాలయమన్న గౌరవం ఇచ్చారు. ఇసుక దారిలో మోకాళ్ల మీద నడిచి మొక్కు తీర్చుకునేవారిని చూసి మా లెక్కల మాస్టారు చాలాసేపు కదలలేదు. ఆయన ఏటా కాలినడకన తిరుమల కొండ ఎక్కే మనిషి. "ఈ నొప్పి నాకు తెలుసమ్మా" అన్నారు. ఆ మాట ఒక్కటి చాలు, ఆ యాత్ర వృథా కాలేదని చెప్పడానికి.

అయితే అది యాత్ర అయింది గానీ ధ్యానం కాలేదు. రానుపోను బస్సులోనే ఒకటిన్నర రోజు గడిచింది. మేం దిగిన ప్రైవేటు లాడ్జిలో గదికి ఐదుగురిని సర్దారు, రెండో రోజు తెల్లవారుజామున నీళ్లు రాలేదు. ధ్యానం నడిపే గురువు (ఫాదర్) గారు ప్రసంగం మొదలుపెట్టేసరికి సగం మంది కునికిపాట్లు పడుతున్నారు. వాళ్లను తప్పుపట్టలేను. భక్తితో వెళ్లే కుటుంబాలకు వేళాంగణిని మనస్ఫూర్తిగా చెబుతాను. ఆగస్టు 29 నుంచి సెప్టెంబరు 8 వరకు ఉత్సవాలు, ఆ రోజుల్లో బస ముందే చూసుకోవాలి. సిబ్బంది ధ్యానానికి మాత్రం వద్దు.

రెండో ఏడు గుణదల. మాకు గంటన్నర ప్రయాణం. 1924లో ఇటలీ దేశపు గురువు ఆర్లాటి గారు కొండ చరియలో మరియమాత విగ్రహం నిలిపిన చోటు అది. శిఖరం మీది సిలువ దూరం నుంచే కనిపిస్తుంది. తలనీలాలు, కొబ్బరికాయలు చూసి మా హిందూ ఉపాధ్యాయులకు కొత్తచోటికి వచ్చినట్టే అనిపించలేదు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్లు. అప్పుడు కాకుండా మామూలు రోజున, తెల్లవారి ఐదున్నరకే కొండెక్కితే అంతకంటే ప్రశాంతమైన చోటు బెజవాడలో మరొకటి ఉండదు. తొమ్మిది దాటితే రాయి కాలుతుంది. పగలంతా పక్కన రోడ్డు రొద. మేం అద్దెకు తీసుకున్న హాల్లో మైకు మొరాయించడంతో మధ్యాహ్నపు ప్రసంగం వెనుక వరుసలకు వినిపించనే లేదు. ఒక్క రోజు ప్రార్థనకు గుణదల చక్కని చోటు. రాత్రి బసకు వేరే ఏర్పాటు చూసుకోవాలి.

ఇక మూడో ఏడు. జూన్ ఎండలు వద్దని దసరా సెలవుల చివరికి మార్చాం. ఈసారి పుణ్యక్షేత్రం కాదు, పొలాల నడుమ కన్యాస్త్రీలు నడిపే చిన్న ధ్యానకేంద్రం. గదికి ఇద్దరు, ఉతికిన దుప్పట్లు, పొద్దున బకెట్టు వేడినీళ్లు. రెండు రాత్రులకు భోజనంతో కలిపి తలకు 1,400 రూపాయలు. వంటావిడ మొదటి పూటే వచ్చి, ఎవరు మాంసం తినరో, ఎవరికి శనివారం ఉపవాసమో అడిగి పలక మీద రాసుకుంది. ఆ పలకను ఫోటో తీసి దాచుకున్నాను. అతిథిని గౌరవించడమంటే ఏమిటో మా ప్రసంగాలన్నిటికంటే అది బాగా చెప్పింది.

ధ్యానం నడిపినవారు యేసుసభ (జెస్యూట్) గురువు. ఫోనులో ముందే నేను ఒక మాట అడిగాను: "ఫాదర్, మావాళ్లలో ఎక్కువమంది కతోలికులు కారు, వాళ్లను ఎలా కలుపుకుంటారు?" దివ్యపూజ, గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం కోరినవారికే, ఆ సమయంలో తక్కినవారు చెట్ల కింద మౌనంగా ఉండవచ్చు, మిగిలినదంతా అందరికీ అన్నారు. తమ సంస్థల్లో చదివే ఇతర మతాల పిల్లల మీద క్రైస్తవ ఆచారాలు రుద్దవద్దని 2024లో భారత కతోలిక పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య సూచించింది. పిల్లలకు వర్తించేది పంతుళ్లకూ వర్తించాలి కదా. ధ్యానం నడిపేవారిని ఈ ప్రశ్న అడగకుండా తేదీలు ఖాయం చేయవద్దని నా సలహా.

మొదటి రాత్రి భోజనం నుంచే మౌనం. రెండో రోజు ఉదయం ఫాదర్ గారు ఒక్కొక్కరికి ఒక తెల్లకాగితం ఇచ్చి, మీ తరగతి పిల్లల పేర్లన్నీ చూడకుండా రాయండి అన్నారు. నా తరగతిలో 42 మంది. గబగబా 36 పేర్లు రాశాను. తరువాత కలం కదలలేదు. ముఖాలు లీలగా తెలుస్తున్నాయి, పేర్లు రావు. అల్లరివాళ్లందరూ కాగితం మీద ఉన్నారు, బాగా చదివేవాళ్లూ ఉన్నారు. లేనివాళ్లంతా నోరెత్తకుండా గోడవారన కూర్చునేవాళ్లు. నా పక్కన ఉర్దూ చెప్పే మేడమ్ కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. యేసుసభ స్థాపకులు పునీత ఇగ్నేషియస్ గారు నేర్పిన ఆత్మపరిశీలన ఎలా చేయాలో ఫాదర్ గారు ఆ తరువాతే చెప్పారు: రోజు ముగిశాక పావుగంట కూర్చుని, ముందు కృతజ్ఞత, పిదప ఆ రోజంతా ఒకసారి నెమరువేసుకోవడం, తప్పిన చోట క్షమాపణ, రేపటికి ఒక నిర్ణయం. ఖాళీగా మిగిలిన ఆ ఆరు గీతలు ఎదురుగా ఉండగా వింటే ఆ మాటలు వేరుగా వినిపించాయి.

కతోలిక పాఠశాల తన లక్ష్యం చేరుకోవడం దాదాపు పూర్తిగా ఉపాధ్యాయుల మీదే ఆధారపడి ఉందని 1965లోనే ప్రపంచ కతోలిక పీఠాధిపతులు కూడిన రెండవ వాటికన్ మహాసభ ప్రకటించింది. ఆ మాటను ఎన్ని వార్షికోత్సవాల్లో విన్నానో. నా వేలు పట్టుకుని చూపించింది మాత్రం ఆ కాగితమే.

తిరుగుదారిలో ఫిరంగిపురంలో ఆగాం. మిల్‌హిల్ అనే మిషనరీ సభకు చెందిన గురువు థియోడర్ డీక్‌మన్ గారు 19వ శతాబ్దం చివర కట్టించిన బాలయేసు దేవాలయం సాయంకాలపు వెలుగులో ఎంతో అందంగా ఉంది. అరగంట చాలు. బస్సులో ఆ రోజు పాటలు పెట్టమని ఎవరూ అడగలేదు.

బడి తెరిచిన రోజు హాజరు తీసుకుంటూ ఆ ఆరుగురి పేర్ల దగ్గర తలెత్తి చూశాను. ఐదో పిల్లవాడు తనను ఎందుకు చూస్తున్నానో తెలియక లేచి నిలబడ్డాడు. కూర్చో నాన్నా అన్నాను. ఆ కాగితం హాజరుపట్టీలోనే ఉంచాను. వచ్చే అక్టోబరుకు అదే ఇల్లు అడిగి పెట్టాం, ఈసారి మూడు రాత్రులకు.