కూలెంట్, ఆయిల్ ఉష్ణోగ్రత గేజ్‌లు: సెన్సర్ బిగించే చోటుపై సమీక్ష

పాత టర్బో డీజిల్ జీపుకు విడిగా కొని పెట్టించిన రెండు ఉష్ణోగ్రత గేజ్‌లను, కూలెంటుకు (ఇంజిన్‌ను చల్లార్చే ద్రవానికి) ఒకటి, ఇంజిన్ ఆయిల్‌కు ఒకటి, కొన్నేళ్లుగా వాడుతున్నాను. రాత్రిపూట అంకెల వెలుగు కళ్లకు గుచ్చుకోవడం మినహా గేజ్‌లలో ఎంచదగిన లోపం లేదు. చెప్పవలసినదంతా సెన్సర్లను ఎక్కడ బిగించాలన్న దగ్గరే ఉంది.

బండితో వచ్చే కూలెంట్ ముల్లు చాలా వాహనాల్లో సుమారు 80 నుంచి 100 డిగ్రీల దాకా మధ్యలోనే నిలిచి ఉండేలా అమర్చి ఉంటుంది కనుక, వేడి మెల్లగా పెరుగుతున్న సంగతి దానిలో కనబడదు. కొత్త గేజ్ సెన్సర్‌ను మొదట రేడియేటర్ పై హోస్‌ను కోసి, నడుమ అల్యూమినియం అడాప్టర్ పెట్టి బిగించారు. పని సులువే గాని, థర్మోస్టాట్ (కూలెంట్ తగినంత వేడెక్కాకే రేడియేటర్‌కు దారి ఇచ్చే కవాటం) తెరుచుకునేదాకా ఆ హోస్‌లో ప్రవాహం దాదాపు ఉండదు. ఇంజిన్ పైభాగమైన హెడ్ వేడెక్కుతున్నా గేజ్ కిందనే తచ్చాడి, ఆ తర్వాత ఒక్కసారిగా 80 దాటేది. పైగా అడాప్టర్‌కు రెండు వైపులా ఉన్నది రబ్బరు కాబట్టి, బిగించిన లోహం ద్వారానే ఎర్త్ అందుకునే ఒంటి వైరు సెన్సర్‌కు ఇంజిన్ నుంచి విడిగా ఎర్త్ వైరు లాగాలి. వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గే రకం సెన్సర్‌కు ఎర్త్ సరిగా అందకపోతే, గేజ్ ఉన్న వేడికన్నా తక్కువ చూపుతుంది.

అందుచేత దానిని థర్మోస్టాట్‌కు ముందు, హెడ్ నుంచి కూలెంట్ బయటికి వచ్చే చోటికి మార్పించాను. రేడియేటర్ కింది హోస్ జోలికి మాత్రం పోవద్దు. అక్కడ తెలిసేది రేడియేటర్ ఎంత చల్లార్చిందన్నదే. కూలెంట్ కారిపోతే ఏ చోటనైనా సెన్సర్ గాలిలో మిగిలి తప్పు అంకె చూపవచ్చు కాబట్టి, ట్యాంకులో మట్టం చూసుకునే అలవాటు మానలేదు.

ఆయిల్ సెన్సర్‌కు డ్రైన్ బోల్ట్ చోటు చౌక. అయితే కింద ఎదురుగాలి తగులుతుంది, రాళ్ల దెబ్బల భయం ఉంటుంది, ఆయిల్ మార్చినప్పుడల్లా వైరు విప్పాలి. ఫిల్టర్‌కూ ఇంజిన్‌కూ నడుమ శాండ్‌విచ్ ప్లేట్ పెట్టి అందులో బిగిస్తే, పంపు నుంచి బేరింగ్‌ల వైపు సాగే ఆయిల్ వేడి తెలుస్తుంది. ఖర్చు, లీకేజీ వచ్చే అవకాశం కొంత ఎక్కువైనా నేను దీనినే ఎంచుకున్నాను.

శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు కూలెంట్ 90 దగ్గర స్థిరంగా ఉండగా, ఆయిల్ 110 దాటి పోతుంది. కూలెంట్‌ను థర్మోస్టాట్, రేడియేటర్ కలిసి అదుపులో ఉంచుతాయి గాని, నా బండిలో ఆయిల్‌కు విడిగా కూలర్ లేదు. ఉదయం వేళ ఇందుకు తిరగబడుతుంది: కూలెంట్ 80 చేరినా ఆయిల్ ఇంకా 50 చుట్టుపక్కలే ఉంటుంది, కాబట్టి ఆయిల్ కూడా వేడెక్కేదాకా ఇంజిన్‌ను గట్టిగా లాగించను. ఒక్క గేజ్‌కే డబ్బుంటే, ఫిల్టర్ దగ్గర సెన్సర్ పెట్టి ఆయిల్ గేజే కొనమంటాను.