తెల్లవారుజాము నడకా, ఆ గంట నిద్రా: జబ్బు పడకుండా ఉండాలంటే ఏది మేలు?

ఈశాన్య వానలు పట్టుకుని గాలి చల్లబడితే, కావలిలో మా మందుల షాపుకు వచ్చేవాళ్ళు ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, ఇమ్యూనిటీకి మంచి బిళ్ళ ఏదన్నా ఉంటే ఈన్నా." బిళ్ళ సంగతి చూసేముందు, ఎప్పుడు పడుకుంటున్నారు, ఎప్పుడు లేస్తున్నారు అని అడుగుతాను. జవాబు చాలాసార్లు ఇట్లాగే ఉంటుంది: "నాలుగున్నరకంతా లేచి గ్రౌండుకి పోతా ఉండాన్నా, ఒక్కరోజు గూడా మానను. అయినా నెలకోసారి జలుబు పట్టుకుంటా ఉండాది." మరి రాత్రి? "సీరియళ్ళు అయిపోయి, ఫోను చూసుకోని పడుకునేతలికి పన్నెండవుద్దిలే."

అంటే నిద్ర ఐదు గంటలు కూడా లేదు. ఇట్లాంటివాళ్ళు పొద్దున నడక మానేసి ఇంకో గంటో గంటన్నరో పడుకోవడం మేలా, నిద్ర ఎట్లా పోయినా నడక వదలకపోవడం మేలా? ఎదురుపడిన ప్రతివాళ్ళూ దీన్నే ఏదో ఒక రూపంలో అడుగుతున్నారు కాబట్టి నాకు తెలిసినంతవరకు రెండువైపులా రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. రోగనిరోధక శక్తి పెంచుకునే కొద్దీ మంచిదనుకుంటాం. అది అదుపు తప్పితే సొంత ఒంటి మీదే పడుతుంది. రుమటాయిడ్ కీళ్ళవాతం, పిల్లల్లో వచ్చే టైప్-1 సుగర్ అట్లా వచ్చేవే. ఒంట్లో ఈ దాడికి కళ్ళెం వేసే టి-కణాలు (ఒక రకం తెల్లకణాలు) ప్రత్యేకంగా ఉన్నాయని తేల్చినందుకే 2025లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచిలకు వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. అందుకని ఏది తింటే ఎంత పెరుగుతుందని లెక్కలు వేయడం కంటే, ఉన్న వ్యవస్థ తన పని తాను సక్రమంగా చేసుకునేట్టు ఏది తోడ్పడుతుందో చూడటం మంచిది.

నడక వైపు బలమైన సాక్ష్యమే ఉంది. అమెరికాలో నార్త్ కరొలైనాలో 1002 మంది పెద్దవాళ్ళను చలి రోజుల్లో 12 వారాలపాటు గమనించి, 2011లో ఫలితాలు అచ్చువేశారు. వారానికి ఐదు రోజులు, ఆపైన చెమట పట్టేలా ఒళ్ళు కదిలించినవాళ్ళు జలుబు, గొంతునొప్పితో బాధపడిన రోజులు, కదలకుండా కూర్చునేవాళ్ళ కంటే 43 శాతం తక్కువ. వడిగా నడిచేటప్పుడు వైరస్ పట్టిన కణాలను చంపే తెల్లకణాలు పెద్ద ఎత్తున రక్తంలోకి వస్తాయి, ఊపిరితిత్తుల దాకా తిరిగి, కొన్ని గంటల్లో మళ్ళీ సర్దుకుంటాయి. రోజూ నడిస్తే రోజూ ఒక గస్తీ తిరిగినట్టే. సుగర్ అదుపులో ఉండటం అదనపు లాభం. సుగర్ ఉన్నవాళ్ళకు క్షయ సోకే ముప్పు మిగతావాళ్ళ కంటే రెండు మూడు రెట్లు ఉంటుంది కాబట్టి అది చిన్న లాభమేమీ కాదు.

ఇక నిద్ర వైపు చూద్దాం. 2015లో అచ్చయిన, అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో చేసిన పరిశోధన నాకు చాలా ముఖ్యమైనదనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న 164 మంది చేతికి గడియారం లాంటి పరికరం కట్టి, వారం రోజులు ఎవరెంత నిద్రపోతున్నారో కొలిచారు. తర్వాత వాళ్ళ ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేశారు, ఒక హోటల్లో విడిగా ఉంచి చూశారు. ఏడు గంటలకు మించి పడుకున్నవాళ్ళతో పోలిస్తే, ఆరు గంటల లోపు పడుకున్నవాళ్ళకు జలుబు చేసే అవకాశం నాలుగు రెట్లు పైగా ఉంది. వయసు, మనసులో ఒత్తిడి, పొగతాగే అలవాటు లాంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా అట్లాగే నిలిచింది. నడక మీద చేసిన పరిశోధనలో ఎవరికి ఎప్పుడు వైరస్ తగిలిందో తెలియదు. ఇక్కడ అందరికీ ఒకే వైరస్ ముక్కులోనే వేశారు. నేను నిద్ర వైపు మొగ్గడానికి మొదటి కారణం ఇదే.

ఒంట్లో ఏం జరుగుతుందో కూడా కొంత తెలిసింది. గాయమైనప్పుడు చంకలోనో గజ్జల్లోనో బిళ్ళ కట్టింది అంటాం చూడండి, ఆ బిళ్ళలే లింఫు గ్రంథులు. రాత్రి నిద్రలో టి-కణాలు రక్తం నుంచి అక్కడికి చేరతాయి, కొత్తగా లోపలికి వచ్చిన శత్రువు ఆనవాళ్ళు అక్కడే గుర్తుపెట్టుకుంటాయి. జర్మనీలోని ట్యూబింగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో ఇంకో సంగతి చూపించారు. టి-కణం వైరస్ సోకిన కణాన్ని అంటుకుని పట్టుకోవడానికి దాని మీద జిగురు లాంటి ప్రోటీన్లు ఉంటాయి. మేలుకుని ఉన్నప్పుడు, ఒత్తిడిలో ఉన్నప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్ ఆ పట్టును సడలిస్తుంది. నిద్రలో అడ్రినలిన్ తగ్గి పట్టు బిగుస్తుంది.

టీకా సంగతే తీసుకోండి. రాత్రికి నాలుగే గంటలు పడుకోనిచ్చిన కుర్రవాళ్ళకు ఫ్లూ టీకా వేసి చూస్తే, పది రోజుల తర్వాత వాళ్ళలో యాంటీబాడీలు (వైరస్‌ను అడ్డుకునే ప్రోటీన్లు) మామూలుగా నిద్రపోయినవాళ్ళలో సగానికంటే తక్కువ ఉన్నాయి. 2002 నాటి మాట ఇది. తర్వాతి వారాల్లో ఆ కుర్రవాళ్ళూ అందుకున్నారు. కానీ వైరస్ మనకోసం అన్ని వారాలు ఆగదు కదా. ఇంట్లో పెద్దవాళ్ళకు ఫ్లూ టీకా వేయించే వారం, పిల్లలకు టీకాలు పడే రోజులు, వాళ్ళ నిద్ర చెడకుండా చూసుకోమని నేను ప్రత్యేకంగా చెప్పేది అందుకే.

అసలు తేల్చే విషయం నా లెక్కలో ఒకటుంది. నడక ఏ పూటైనా నడకే. సాయంత్రం ఆరింటికి నడిచినా, రాత్రి అన్నం తిన్నాక వీధిలో నడిచినా దాని ఫలం దానికి దక్కుతుంది. నిద్రకు ఆ వెసులుబాటు లేదు. ఉద్యోగం, బడి, దుకాణం ఉన్న మనిషికి రాత్రి పోయిన గంట పగలు మళ్ళీ దొరకదు. కదిలించగలిగినదాన్ని కదిలించాలి, కదలనిదాన్ని కాపాడుకోవాలి. కాబట్టి పన్నెండింటికి పడుకునేవాళ్ళు నాలుగున్నర అలారం తీసేయండి. ఆరున్నరదాకా పడుకుని, నడకను సాయంత్రానికి మార్చుకోండి. అంతకంటే మంచిది పదిన్నరకల్లా ఫోను పక్క గదిలో పెట్టేయడం. అప్పుడు ఐదున్నరకు లేచి నడిచినా ఏడు గంటలు నిండుతాయి, రెండూ దక్కుతాయి.

చీకట్లో నడకకు ఇంకో లోటు ఉంది. పొద్దున నడిస్తే డి విటమిన్ వస్తుందని చాలామంది నమ్మకం. నాలుగున్నరకు ఎండే ఉండదు, ఏడింటి ఎండ కూడా ఆ పనికి చాలదు. మన పక్కనే తిరుపతిలో చేసిన పరిశోధనలో చర్మంలో డి విటమిన్ బాగా తయారయ్యేది పగలు 11 నుంచి 2 లోపేనని తేలింది. కొండగుర్తు ఏంటంటే, మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్నప్పటి ఎండే పనికొచ్చే ఎండ. మార్గశిరం, పుష్యమాసాల్లో ఆ వేళ చేతులకు, కాళ్ళకు కాసేపు ఎండ తగలనివ్వండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఆ ప్రయత్నం చేయొద్దు, మన నెల్లూరు, ఒంగోలు ఎండకు వడదెబ్బ తగులుతుంది.

పడుకున్నా నిద్ర పట్టనివ్వనివి దోమలు. నెల్లూరు దోమల గురించి ఈ ప్రాంతంవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. రాత్రంతా చెవి దగ్గర దోమలు గీపెడుతుంటే, కాళ్ళు గోక్కుంటూ పొర్లే మనిషి మంచం మీద ఎనిమిది గంటలున్నా లాభం తక్కువ. పిట్స్‌బర్గ్‌లోనే అంతకుముందు, 2009లో అచ్చయిన పరిశోధనలో, పక్క మీద మెలకువగా దొర్లే సమయం ఎక్కువైనవాళ్ళకు జలుబు మరీ ఎక్కువగా చేసింది. అందుకే విటమిన్ డబ్బా కొనడానికి వచ్చినవాళ్ళకు ఆ డబ్బుతో గట్టి దోమతెర కొనమని చెబుతాను. తెర అంచు పరుపు కిందికి దోపాలి. వేలాడదీసి వదిలేస్తే అర్ధరాత్రికి దోమ లోపలే ఉంటుంది. డెంగీ దోమ పొద్దెక్కే వేళ, పొద్దుగూకే ముందు ఎక్కువగా కుడుతుంది కాబట్టి సాయంత్రం నడిచేవాళ్ళు నిండుచేతుల చొక్కా, కాళ్ళు కప్పే బట్ట వేసుకోండి.

అందరికీ ఒకే మాట సరిపోదు. తొమ్మిదింటికే పడుకునే పెద్దవాళ్ళకు నాలుగున్నరకల్లా మెలకువ వస్తే అది వాళ్ళ ఒంటి తీరు. వాళ్ళు హాయిగా నడవచ్చు. సుగర్ ఉన్నవాళ్ళు నడక మానడమన్న మాటే వద్దు, పూట మార్చుకోవడమే. నిద్ర చాలకపోతే ఇన్సులిన్ పనితీరు కూడా తగ్గుతుంది కాబట్టి వాళ్ళకు రెండూ కావాలి.

నాకు నిజంగా దిగులు అనిపించేది రొయ్యల చెరువుల కాపలావాళ్ళను చూసినప్పుడు. అల్లూరు, బోగోలు వైపు నుంచి వచ్చే కుర్రవాళ్ళు కళ్ళు ఎర్రబడి, ముక్కు కారుతూ వస్తారు. తెల్లవారుజామునే చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, కరెంటు పోయి నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్ ఆగితే పంటంతా పోతుంది, కన్ను మూయడానికి లేదు. కందుకూరు, కొండపి, టంగుటూరు వైపు పొగాకు బ్యారన్ల (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టాల) దగ్గర కూడా కాల్చే రోజుల్లో రాత్రంతా మంట చూసుకోవాల్సిందే. వీళ్ళను పెందలాడే పడుకోమనడంలో అర్థం లేదు. ఇద్దరుంటే రాత్రిని రెండుగా పంచుకోండి, వంతులు రోజూ మార్చకండి, ఒకరికి ముందు రాత్రి అయితే ఆ సీజనంతా ముందు రాత్రే. ఇంటికొచ్చాక టీ తాగకుండా పడుకోండి. పగటి గదికి నల్లటి గుడ్డ కట్టి చీకటి చేయండి. మిగిలిన లోటు మధ్యాహ్నం కునుకుతో పూడ్చుకోండి. చెరువు యజమానులు రెండో మనిషిని పెట్టే ఖర్చుకు వెనకాడొద్దని నా మనవి.

సి విటమిన్ బిళ్ళల సంగతి రెండు ముక్కల్లో. రోజూ మింగినా మామూలు జనానికి జలుబు రావడం తగ్గదు, వచ్చిన జలుబు పెద్దవాళ్ళలో 8 శాతం త్వరగా పోతుందని చాలా పరిశోధనలను ఒకచోట చేర్చి చూసిన 2013 కాక్రేన్ సమీక్షలో తేలింది. మగవాళ్ళకు రోజుకు కావలసింది 80 మిల్లీగ్రాములు, ఒక్క జామకాయతో అది వచ్చేస్తుంది. పొదలకూరు నిమ్మకాయలు పండే జిల్లాలో, జామ, ఉసిరి దొరికే కాలంలో దీనికి డబ్బు పెట్టనక్కర్లేదు.

కషాయాలు గొంతుకు ఉపశమనం ఇస్తాయి, వేడిగా తాగండి. 2021 మేలో కరోనాకు ఆనందయ్య ఇచ్చే మందు కోసం కృష్ణపట్నం దారిలో జనం ఎట్లా బారులు తీరారో మనందరం చూశాం. ఆపదలో ఉన్న మనిషి చేతికి ఏదో ఒక మందు రావాలని ఆశపడితే తప్పు పట్టలేం. అయితే రోజూ తాగేవాళ్ళు రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. అతిమధురం ఎక్కువైతే బీపీ పెరుగుతుంది. తిప్పతీగ నెలల తరబడి వాడినవాళ్ళలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు డాక్టర్లు రాశారు, ముందే కాలేయం జబ్బు ఉన్నవాళ్ళు దాని జోలికి పోవద్దు.

నిద్ర, నడక రెండూ సరిచేసుకున్నా మళ్ళీ మళ్ళీ జబ్బు పడుతుంటే షాపులో బిళ్ళ అడగకండి, ముందు సుగర్ పరీక్ష చేయించుకోండి. దగ్గు రెండు వారాలు దాటినా, సాయంత్రంపూట జ్వరం తగులుతూ బరువు తగ్గుతున్నా దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి కఫం పరీక్ష చేయించుకోండి. అక్కడ ఆ పరీక్షా ఉచితమే, క్షయ అని తేలితే మందులూ ఉచితమే.