లిబ్రేఆఫీస్ డౌన్‌లోడ్ పేజీ: విండోస్‌కి నల్లేరు మీద నడక, మ్యాక్, లినక్స్‌లకి చిక్కుముడి

తెలుగులో అర్జీయో, ప్రశ్నపత్రమో కొట్టుకోవడానికి పైసా ఖర్చు లేకుండా దొరికేవాటిలో లిబ్రేఆఫీస్‌ని మించింది లేదు. మెనూలు తెలుగులో వస్తాయి, తెలుగు స్పెల్‌చెక్ కూడా ఉంది. ఇంత మంచి సరుకు కోసం వచ్చేవాళ్లు ముందు ఎక్కాల్సిన గడప డౌన్‌లోడ్ పేజీ. అక్కడే చాలామంది తట్టుకుని పడతారు, అదీ చిన్న చిన్న మాటల దగ్గర.

విండోస్ వాళ్లకి పెద్ద ఇబ్బంది లేదు. పేజీ తెరవగానే విండోస్ 64 బిట్ అని తనే ఎంచి పెడుతుంది. ఒకటే ఎంఎస్ఐ (విండోస్ ఇన్‌స్టాలర్) ఫైలు, సుమారు 350 ఎంబీ, భాషలన్నీ అందులోనే. జాగ్రత్తపడాల్సింది ఇన్‌స్టాల్ చేసేటప్పుడు. టిపికల్ నొక్కితే మీ విండోస్ ఇంగ్లీషులో ఉన్నప్పుడు తెలుగు మెనూలు ఎక్కవు. కస్టమ్ నొక్కి, యూజర్ ఇంటర్‌ఫేస్ లాంగ్వేజెస్ కింద తెలుగుని కలుపుకోవాలి. తర్వాత టూల్స్‌లో ఆప్షన్స్ తెరిచి, భాషల విభాగంలో యూజర్ ఇంటర్‌ఫేస్‌ని తెలుగుకి మార్చి, ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరవాలి. ఈ ముక్క డౌన్‌లోడ్ బటన్ కిందే ఒక్క వాక్యంలో రాసి పెడితే ఎంత మేలో!

అసలు తంటా మ్యాక్‌తో. యాపిల్ చిప్ మ్యాక్‌కి ఒక ఫైలు, ఇంటెల్ మ్యాక్‌కి ఇంకొకటి. మీ దగ్గరున్నది ఏదో వెబ్‌సైటే కనిపెట్టాలి కదా అనిపిస్తుంది. కానీ యాపిల్ చిప్‌లైన ఎం1, ఎం2 ఉన్న మ్యాక్‌లలో కూడా సఫారీ బ్రౌజర్ తనను తాను వెబ్‌సైటుకి "ఇంటెల్ మ్యాక్ ఓఎస్ ఎక్స్ 10_15_7" అనే పరిచయం చేసుకుంటుంది. పాత వెబ్‌సైట్లు తికమకపడకుండా ఆ పరిచయ వాక్యాన్ని అలా బిగించేశారు. క్రోమ్ పరిచయమూ అంతే, కాకపోతే యూజర్ ఏజెంట్ క్లయింట్ హింట్స్ (వెబ్‌సైటు అడిగితే బ్రౌజర్ అదనపు వివరాలు చెప్పే పద్ధతి) ద్వారా విడిగా అడిగితే చిప్ ఆర్మ్, అంటే యాపిల్ చిప్ రకం, అని చెబుతుంది. సఫారీకి, ఫైర్‌ఫాక్స్‌కి ఆ వసతి లేదు. అంటే ఎంత తెలివైన స్క్రిప్టు రాసినా మ్యాక్ దగ్గర మనిషిని అడగక తప్పదు. అడిగేది మనిషి భాషలో అడగాలి. ఫైలు పేరులో "ఆర్చ్64", "ఎక్స్86-64" అని ఉంటే మామూలు వాడుకరికి ఏం బోధపడుతుంది? "పైన ఎడమ మూల యాపిల్ బొమ్మ నొక్కి, అబౌట్ దిస్ మ్యాక్ తెరవండి. చిప్ అని ఉంటే మొదటి బటన్, ప్రాసెసర్ ఇంటెల్ అని ఉంటే రెండోది" అని రెండు వరసలు రాస్తే తీరిపోయే పని. తప్పు ఫైలు దిగితే జరిగేది కూడా చెప్పాలి: ఇంటెల్ ఫైలు యాపిల్ చిప్ మీద రొసెట్టా (ఇంటెల్ ప్రోగ్రాములను యాపిల్ చిప్ మీద నడిపించే మ్యాక్ సాధనం) సాయంతో నెమ్మదిగానైనా నడుస్తుంది, యాపిల్ చిప్ ఫైలు ఇంటెల్ మ్యాక్‌లో అసలు తెరుచుకోదు.

దాని మీద ఇంకో మెలిక. మ్యాక్‌లో తెలుగు మెనూల ఫైలు వేరే. రెండూ దించుకోవాలి. ముందు లిబ్రేఆఫీస్‌ని అప్లికేషన్స్ ఫోల్డర్‌లోకి లాగి, ఒకసారి తెరిచి మూసి, ఆ తర్వాతే భాష ఫైలు నడపాలి. మ్యాక్ అడ్డుపడితే సిస్టమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి ఓపెన్ ఎనీవే నొక్కాలి. ఈ వరస తప్పినవాళ్లే తెలుగు రావట్లేదని విసిగిపోయి వదిలేస్తారు.

లినక్స్‌కి డెబ్, ఆర్‌పీఎమ్ అని రెండు మూటలు. ఉబుంటు, డెబియన్, మింట్ వాళ్లకి డెబ్. ఫెడోరా, ఓపెన్‌సూసే వాళ్లకి ఆర్‌పీఎమ్. మూట విప్పితే డెబ్స్ అనే ఫోల్డర్, అందులో బోలెడు ఫైళ్లు. ఒక్కొక్కటే డబుల్ క్లిక్ చేస్తూ పోతే ఒకదానికి ఇంకోటి లేదని మొరాయిస్తుంది. టెర్మినల్‌లో డీపీకేజీ అనే ఇన్‌స్టాల్ కమాండ్‌కి అన్నిటినీ ఒకేసారి అప్పజెప్పాలి. ఇక్కడా తెలుగు మూట వేరే. నిజానికి ఉబుంటు వాళ్లలో ఎక్కువమందికి ఇదంతా అక్కర్లేదు. ఉబుంటులోనే ఉండే ఏప్ట్ కమాండ్‌తో లిబ్రేఆఫీస్, దాని తెలుగు ప్యాకేజీ ఎక్కించుకుంటే సరిపోతుంది, అప్‌డేట్లు వాటంతటవే వస్తాయి. ఆ మాటే ముందు చెప్పి, మూటలు దాని కింద పెట్టడం న్యాయం.

సొంత ప్రాజెక్టుకి ఇలాంటి పేజీ కట్టేవాళ్లకు ఒక మాట. ఆండ్రాయిడ్ ఫోన్ బ్రౌజర్ వెబ్‌సైటుకి చెప్పుకునే పరిచయంలోనూ "లినక్స్" ఉంటుంది, కాబట్టి ముందు ఆండ్రాయిడ్ కోసం వెతికి, తర్వాతే లినక్స్ చూడాలి. వరస తారుమారైతే ఫోన్‌కి డెబ్ ఫైలు అంటగడతారు. ఐప్యాడ్ తనను మ్యాక్ అని చెప్పుకుంటుంది, టచ్ పాయింట్లు ఒకటి కంటే ఎక్కువున్నాయా అని చూస్తే దొరికిపోతుంది. ఏం ఊహించినా, మిగతా సిస్టమ్‌ల బటన్లు దాచకూడదు. ఫోన్‌లో పేజీ చూసి, ఇంట్లో కంప్యూటర్‌కి లింకు పంపుకునేవాళ్లు మనలో ఎందరో.

రేటింగ్ అడిగితే విండోస్‌కి 5కి 4, మ్యాక్‌కి 2, లినక్స్‌కి 3. విండోస్‌కి ఆ ఒక్క మార్కు తగ్గింది తెలుగు ఎంపిక గురించి బటన్ దగ్గర చెప్పనందుకు. విండోస్ 7, 8 కంప్యూటర్లున్నవాళ్లు మాత్రం బటన్ నొక్కే ముందు ఆగండి: లిబ్రేఆఫీస్ 25.8 వెర్షన్ నుంచి వాటిమీద ఎక్కదు. లిబ్రేఆఫీస్‌ని నడిపే డాక్యుమెంట్ ఫౌండేషన్ వారి డౌన్‌లోడ్ ఆర్కైవ్‌లోకి వెళ్లి 25.2 వరసలో చివరిది దించుకోండి.